నేల విడిచే ఆ అర నిమిషం

హైదరాబాదులోని మన ప్రధాన కార్యాలయానికీ, బస్తరు అరణ్యసీమలోని బైలాడిలా గనులకూ నడుమ ప్రయాణమంటే ఒకప్పుడు ఓర్పుకు పరీక్షగా ఉండేది. కిరండూలు నుండి కొత్తవలస మీదుగా విశాఖపట్నం చేరే రైలు, లేదా కొంట, భద్రాచలం మీదుగా సాగే రహదారి, ఇవే శరణ్యం. 2018 జూన్ 14న జగదల్‌పూర్, రాయపూర్‌ల మధ్య ఒక చిన్న విమానం ఎగిరినప్పటికీ ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలువలేదు. 2020 సెప్టెంబరు 21న అలయన్స్ ఎయిర్ సంస్థ హైదరాబాదు, జగదల్‌పూర్, రాయపూర్ మార్గంలో ఏ.టి.ఆర్.-72 విమానాన్ని నడపడం ప్రారంభించడంతో పగలంతా, రాత్రంతా పట్టే దూరం కొద్ది గంటల వ్యవహారమైంది. కాకతీయుల వంశంతో సంబంధం చెప్పుకొనే బస్తరు రాజుల కులదేవత పేరిట ఆ విమానాశ్రయానికి మా దంతేశ్వరి విమానాశ్రయమని నామకరణం చేశారు.

విమానం ఎక్కిన ప్రయాణికుడు బెల్టు బిగించుకొని కిటికీలోంచి చూస్తాడు. రెక్కల కింద రెండు ఇంజన్లు, వాటి ముందు గిర్రున తిరిగే ప్రొపెల్లర్లు. విమానం రన్‌వే చివరన ఆగి, ఒక్కసారి హోరెత్తి, పరుగందుకుంటుంది. నేల విడిచేదాకా పట్టే సమయం సుమారు అర నిమిషం. ఆ అర నిమిషంలో దాదాపు ప్రతివారి మనసులోనూ పైకి చెప్పుకోని ప్రశ్న ఒకటి మెదులుతుంది: ఇప్పుడు ఒక ఇంజను ఆగిపోతే?

ఈ ప్రశ్నకు విమానయాన శాస్త్రం సమాధానం చెప్పింది. అయితే ఆ సమాధానం ఊరకే రాలేదు. ఎన్నో ప్రాణాలను మూల్యంగా చెల్లించిన తరువాత వచ్చింది. ఆ మూల్యంలో ఒక భాగం చెల్లించిన చోటు బస్తరుకు పరాయిది కాదు.

నాగపూరులో ఒక రాత్రి

బస్తరు సంస్థానం 1948 జనవరి 1న నాటి మధ్య పరగణాలలో విలీనమైంది. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగి భోపాలు రాజధాని అయ్యేవరకు బస్తరు ప్రజలకు రాజధాని నాగపూరే. భారతదేశానికి నడిబొడ్డున ఉన్న ఆ నగరానికి అప్పట్లో మరొక విశిష్టత కూడా ఉండేది. 1949 జనవరి 30న మొదలైన రాత్రి తపాలా విమాన పథకానికి అది కూడలి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుండి రాత్రివేళ బయలుదేరిన నాలుగు విమానాలు అర్ధరాత్రి దాటాక నాగపూరులో కలుసుకునేవి. తపాలా సంచులను ఇచ్చిపుచ్చుకొని, తెల్లవారేసరికి ఎవరి స్థావరానికి వారు తిరిగి చేరేవి. ఒక మహానగరంలో సాయంత్రం వేసిన ఉత్తరం మరునాడు ఉదయానికి మరొక మహానగరంలో దిగేది. సంచులతో పాటు ప్రయాణికులు కూడా ఆ విమానాలలో వెళ్లేవారు.

ఆ పని చేసినవి డకోటా విమానాలు. డి.సి.-3 అని అసలు పేరు. 1935 డిసెంబరులో తొలిసారి ఎగిరిన ఈ విమానం రెండవ ప్రపంచయుద్ధంలో సైన్యాలకు బండెద్దులా చాకిరీ చేసింది. యుద్ధానంతరం మిగిలిపోయిన డకోటాలు చౌకగా లభించడంతో మన దేశంలో విమాన సంస్థలు అనేకం వెలిశాయి. బేగంపేట కేంద్రంగా డకోటాలు నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. 1953 ఆగస్టు 1న ఇటువంటి 8 సంస్థల స్వదేశీ సర్వీసులను కలిపి ప్రభుత్వరంగంలో ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్ పని ప్రారంభించింది. ఆ మరుసటి అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం అవతరించింది.

కార్పొరేషన్ వయస్సు నాలుగున్నర నెలలైనా నిండలేదు. 1953 డిసెంబరు 12న, ఇంకా తెల్లవారకముందే, నాగపూరు నుండి మద్రాసుకు బయలుదేరిన వి.టి.-సి.హెచ్.ఎఫ్. అనే డకోటా గాలిలోకి లేచిన కొద్దిసేపటికే ఒక ఇంజను శక్తి కోల్పోయి విమానాశ్రయ సమీపంలోనే కూలిపోయింది. అందులో ఉన్నవారు 14 మంది. 10 మంది ప్రయాణికులూ మరణించారు. సిబ్బందిలో ముగ్గురు మరణించారు. విమానం నడిపిన కెప్టెన్ ఒక్కరే బతికి బయటపడ్డారు.

ఇంజన్లు రెండున్నాయి. ఆగినది ఒకటే. రెండవది పనిచేస్తూనే ఉన్నది. మరి విమానం ఎందుకు కూలింది?

సగం పోతే సగం మిగలదు

రెండు ఇంజన్లలో ఒకటి ఆగితే సగం శక్తి మిగులుతుంది కదా, సగం వేగంతోనైనా పైకి వెళ్లవచ్చు కదా అని సామాన్యులకు తోచడం సహజం. ఈ లెక్క ఎక్కడ తప్పుతున్నదో ఒక గృహస్థు జమాఖర్చులతో చూద్దాం.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. ఒక్కొక్కరి జీతం 20 వేల రూపాయలు. ఇంటి ఖర్చు 18 వేలు. నెలకు 22 వేలు మిగులుతాయి. ఒకరి జీతం ఆగిపోతే ఆదాయం సగమైంది గాని, మిగులు సగం కాలేదు. 22 వేలున్నది 2 వేలకు పడిపోయింది. ఇంటి ఖర్చు తగ్గదు కనుక.

విమానానికి గాలిలో నిలబడటమే ఇంటి ఖర్చు. పైకి ఎక్కడం మిగులుతో చేసే పని. డకోటాకు ఉన్న రెండు ఇంజన్లలో ఒక్కొక్కదానికి 14 సిలిండర్లు, 1,200 అశ్వశక్తి. అందులో ఒకటి ఆగితే పైకి ఎక్కే సామర్థ్యంలో అత్యధిక భాగం అంతర్ధానమవుతుంది. నిండు బరువుతో, చక్రాలు ఇంకా కిందికి వేలాడుతూ ఉన్న సమయంలో ఆ కాస్త మిగులు కూడా ఉండకపోవచ్చు.

అంతటితో ఆగదు. ఆగిన ఇంజను ఊరకే ఉండదు. ఎదురుగాలి దాని ప్రొపెల్లరును గాలిపటపు మరలా తిప్పుతుంది. అలా తిరిగే ప్రొపెల్లర్ విమానానికి వెనక్కి లాగే బ్రేకుగా మారుతుంది. జీతం పోయిన ఇంట్లో ఆసుపత్రి ఖర్చు తోడైనట్లన్నమాట. అందుకే ప్రొపెల్లర్ రెక్కలను గాలికి అడ్డంగా కాక, కత్తి అంచులా గాలికి ఎదురుగా తిప్పి నిలిపివేసే ఏర్పాటు ఉంటుంది. దీనిని ఫెదరింగ్ అంటారు. డకోటాలో ఆ పని పైలట్ చేత్తో చేయవలసి ఉండేది.

మూడవ చిక్కు మరింత క్లిష్టమైనది. ఒక రెక్క మీది ఇంజను ముందుకు తోస్తూ, రెండవది వెనక్కి లాగుతూ ఉంటే, ఒక ఎద్దు పడుకున్న జోడెద్దుల బండి పక్కకు తిరిగినట్లు విమానం పక్కకు తిరిగిపోతుంది. తోక వద్ద ఉన్న చుక్కానితో పైలట్ దానిని సరిదిద్దాలి. కానీ చుక్కాని పనిచేయాలంటే దాని మీదుగా చాలినంత వేగంతో గాలి ప్రవహించాలి. వేగం ఒక పరిమితికి దిగువకు పడితే ఎంత కాలు తొక్కినా చుక్కాని మాట వినదు. వేగం నిలుపుకోవాలంటే ముక్కు దించాలి. ముక్కు దించితే నేల తగులుతుంది. ఎత్తు కోసం ముక్కు ఎత్తితే వేగం పోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

ఇదంతా చీకటిలో, నేలకు కొద్దిపాటి ఎత్తులో, కొద్ది క్షణాల వ్యవధిలో జరగాలి. ఆ వ్యవధిలో ఆలోచించి నిర్ణయించడం మానవమాత్రునికి శక్యం కాదు. విమానయాన శాస్త్రం నేర్చుకున్న మొదటి పాఠమిదే: ఆ నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలకూడదు.

ముందే గీసిన లక్ష్మణరేఖ

డకోటాను రూపొందించిన కాలానికి ఒక ఇంజను ఆగినప్పటి సామర్థ్యాన్ని గురించిన నిబంధనలు నేటి రూపం సంతరించుకోలేదు. ఈనాడు ప్రయాణికుల విమానం ప్రతిసారీ ఎగరడానికి ముందు పైలట్లు ఒక లెక్క కడతారు. విమానం బరువెంత, రన్‌వే పొడవెంత, తడిగా ఉన్నదా పొడిగా ఉన్నదా, గాలి ఎటునుండి వీస్తున్నది, ఉష్ణోగ్రత ఎంత, ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నది, ముందున్న కొండలెంత ఎత్తు, ఇవన్నీ అందులో చేరుతాయి. ఆ లెక్కలోంచి ఒక వేగం తేలుతుంది. దానిని వీ-వన్ అని పిలుస్తారు. దాన్ని లక్ష్మణరేఖ అనవచ్చు.

ఆ వేగం అందుకోకముందు ఇంజను ఆగితే విమానాన్ని ఆపివేయాలి. మిగిలిన రన్‌వే మీద అది తప్పక ఆగగలదు. ఆ వేగం దాటిన తరువాత ఆగితే ఇక ఆపరాదు. మిగిలిన ఒక్క ఇంజనుతోనే ఎగరాలి. తప్పక ఎగరగలదు. ఈ రెండు హామీలూ నెరవేరని బరువుతో విమానం బయలుదేరడానికే వీలులేదు. ఎగిరిన తరువాత చక్రాలు ముడుచుకున్న దశలో, ఒక ఇంజను ఆగిన రెండింజన్ల విమానం ముందుకు సాగే ప్రతి 1,000 అడుగులకు కనీసం 24 అడుగులు పైకి ఎక్కగల సత్తా చూపాలని ధ్రువీకరణ నిబంధన.

పరుగు సాగుతుండగా ఒక పైలట్ వేగసూచిని చూస్తూ ఆ వేగం రాగానే పైకి చెబుతాడు. ఆ మాట వినబడగానే కెప్టెన్ ఇంజన్ల లీవర్ల మీదినుండి చెయ్యి తీసివేస్తాడు. చెయ్యి అక్కడే ఉంటే, ఏ చిన్న శబ్దం వినబడినా కంగారులో వెనక్కి లాగే ప్రమాదమున్నది కనుక ఆ నియమం. నిర్ణయం అప్పటికే జరిగిపోయిందని చేతికి కూడా తెలియజెప్పడమన్నమాట.

ఈ లెక్కకు మన జగదల్‌పూరులో ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉన్నది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 550 మీటర్ల ఎత్తున ఉన్నది. వేసవిలో ఎండ 40 డిగ్రీలకు చేరినప్పుడు అక్కడి గాలి, సముద్రతీరంలో 15 డిగ్రీల వద్ద ఉండే ప్రామాణిక వాయువు కంటే సుమారు 14 శాతం పలుచన. గాలి పలుచనైతే రెక్కకు పట్టు తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, పరుగు పొడవు పెరుగుతుంది. అందువల్ల వేసవి మధ్యాహ్నం కొన్ని సీట్లు ఖాళీగా ఉంచో, కొంత సామాను దించివేసో విమానం బయలుదేరవచ్చు. ఖాళీ సీటు కనబడుతున్నా టిక్కెట్టు లేదంటున్నారని విసుక్కునే మిత్రులు ఒక విషయం గ్రహించాలి. ఆ సీటు ఖాళీ కాదు. ఆగవచ్చునేమోనన్న ఇంజను కోసం అది ముందుగా కేటాయించినది.

వెలగని దీపం

ఏ.టి.ఆర్.-72-600 విమానంలో ఈ ఏర్పాటు మరొక మెట్టు పైకి వెళ్లింది. ఎగిరే సమయంలో ఒక ఇంజను శక్తి తగ్గితే మనిషి ప్రమేయం లేకుండానే దాని ప్రొపెల్లర్ ఫెదర్ అవుతుంది. అదే సమయంలో రెండవ ఇంజను తన శక్తిని 2,475 నుండి 2,750 అశ్వశక్తికి పెంచుకుంటుంది. నాగపూరు డకోటా పైలట్ తన చేతులతో చేయవలసిన పనిని ఈ యంత్రం రెప్పపాటులో చేసిపెడుతుంది. ఆ వ్యవస్థ సిద్ధంగా ఉన్నదని తెలియజేయడానికి పరుగు సమయంలో పైలట్ల ఎదుట ఒక చిన్న దీపం వెలుగుతుంది.

ఇంత ఉన్న తరువాత ఇక భయమేముందని అనిపించవచ్చు. 2015 ఫిబ్రవరి 4న తైపే నగరంలో జరిగినది వినవలసి ఉన్నది. ట్రాన్స్ ఏషియా సంస్థకు చెందిన ఏ.టి.ఆర్.-72-600 విమానం 58 మందితో సోంగ్‌షాన్ విమానాశ్రయంలో పరుగందుకున్నది. వెలగవలసిన ఆ దీపం పరుగు మొదట్లో వెలగలేదు. పైలట్లు అది గమనించారు. అటువంటప్పుడు ఆగిపోవాలన్నది ఆ సంస్థ నియమం. వారు ఆగలేదు. ఆ తరువాత దీపం వెలిగింది. విమానం ఎగిరింది.

ఎగిరిన కొద్దిసేపటికే, నిజానికి బాగానే ఉన్న కుడి ఇంజను ప్రొపెల్లర్ దానంతటదే ఫెదర్ అయింది. ఇంజనును కనిపెట్టి ఉండే ఒక ఎలక్ట్రానిక్ పరికరంలో టంకం అతుకు దెబ్బతినడమే అందుకు కారణమని తైవాన్ దర్యాప్తు సంస్థ తేల్చింది. ఎడమ ఇంజను యథావిధిగా పనిచేస్తున్నది. ఒక్క ఇంజనుతో విమానం క్షేమంగా ఎగరగలదు. కానీ ఆ కలవరంలో పైలట్ ఎడమ ఇంజను లీవరును వెనక్కి లాగాడు. పనిచేస్తున్న ఇంజను ఆగిపోయింది. పొరపాటు గ్రహించి తిరిగి రాజేసేలోగా విమానం ఒక వంతెనను రాసుకుంటూ కీలుంగ్ నదిలో పడిపోయింది. 43 మంది మరణించారు.

నాగపూరు ప్రమాదానికీ, తైపే ప్రమాదానికీ మధ్య 61 సంవత్సరాలు గడిచాయి. ఇంజన్లు మారాయి, లెక్కలు మారాయి, పరికరాలు మారాయి. క్షణంలో నిర్ణయించబోయి తడబడే మానవ స్వభావం మాత్రం మారలేదు. అందుకే ఇంజను ఆగిందని అనుమానం రాగానే పైలట్లకు నేర్పే మొదటి విద్య ఏమీ చేయకుండా ఉండటం. ముందు విమానాన్ని తిన్నగా నిలపాలి, చక్రాలు ముడవాలి, నేలకు సుమారు 400 అడుగుల ఎత్తు అందుకోవాలి. అప్పుడు ఇద్దరూ కలిసి ఏ ఇంజను అన్నది చూడాలి. ఒకరు లీవరు మీద చెయ్యి వేసి పేరు చెప్పాలి. రెండవవారు అవునన్న తరువాతనే దానిని కదిలించాలి. కంటి తరువాతనే చెయ్యి కదలాలన్నది దాని సారాంశం.

రెండు ఇంజన్లూ శక్తి కోల్పోతే ఈ లెక్కలేవీ ఆదుకోలేవు. 2025 జూన్ 12న అహమ్మదాబాదులో లండనుకు బయలుదేరిన ఎయిర్ ఇండియా బోయింగ్ 787 గాలిలోకి లేచిన క్షణాలలోనే కూలిపోయింది. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. నేల మీద ఉన్న 19 మంది కూడా మరణించారు. నేల విడిచిన వెంటనే రెండు ఇంజన్ల ఇంధన స్విచ్‌లు ఒక సెకను తేడాతో ఆపివేసే స్థానానికి మారాయనీ, సుమారు 10 సెకన్లకు తిరిగి నడిచే స్థానానికి వచ్చాయనీ ఆ జులైలో వెలువడిన ప్రాథమిక నివేదిక వెల్లడించింది. అవి ఎందుకు కదిలాయన్నది ఆ నివేదిక చెప్పలేదు. సంపూర్ణ దర్యాప్తుకు ముందు ఊహలు అల్లడం మృతులకూ, పైలట్ల కుటుంబాలకూ అన్యాయం చేయడమే అవుతుంది.

టిక్కెట్టు వెనుక ముద్రించినది

ప్రమాదం విమానంతో ముగిసిపోదు. అది ఇళ్లలో మొదలవుతుంది. నాగపూరు దుర్ఘటనలో మరణించిన ఒక ప్రయాణికుని భార్య కలకత్తాలో కార్పొరేషన్‌పై నష్టపరిహారం కోసం దావా వేసింది. ప్రయాణికునికి ఏ కారణంచేత హాని జరిగినా, సిబ్బంది నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, సంస్థకు బాధ్యత లేదన్న షరతు టిక్కెట్టు ఒప్పందంలో ఉన్నది. 1960 దశకంలో కలకత్తా హైకోర్టు అప్పీలులో ఆ షరతు చెల్లుతుందని నిర్ణయించింది. వ్యక్తులు స్వేచ్ఛగా కుదుర్చుకున్న ఒప్పందమది, దానిని అడ్డే చట్టం లేదు అన్నది ఆ తర్కం. విమానం ఎక్కేముందు ఆ సన్నటి అక్షరాలు చదివి బేరమాడగలిగిన ప్రయాణికుడెవరు అన్న ప్రశ్న నేటికీ చదువరిని కలవరపెడుతుంది.

అప్పటికి మన దేశంలో విమాన రవాణా బాధ్యతను గురించిన చట్టం అంతర్జాతీయ ప్రయాణాలకు మాత్రమే ప్రయాణికుని పక్షాన నిలిచేది. 1972లో కొత్త చట్టం వచ్చింది. 1973లో ప్రభుత్వ ప్రకటన ద్వారా దాని సూత్రాలను స్వదేశీ ప్రయాణాలకు కూడా వర్తింపజేశారు. పరిహారానికి ఒక పరిమితి ఉన్నా, బాధ్యతే లేదనే షరతుకు కాలం చెల్లింది. నేడు జగదల్‌పూరులో విమానం ఎక్కే గని కార్మికుని కుటుంబానికి ఉన్న చట్టరక్షణ నాగపూరులో డకోటా ఎక్కినవారి కుటుంబాలకు లేదు. ఆ రక్షణ ఎవరి కన్నీటి వెనుకనుండి వచ్చిందో మరువరాదు.

దోషి కాదు, కారణం

విమాన ప్రమాద దర్యాప్తుకు అంతర్జాతీయంగా అంగీకరించిన ఒక ధర్మం ఉన్నది. దర్యాప్తు ఉద్దేశం మరొక ప్రమాదాన్ని నివారించడమే గాని, నిందను గాని బాధ్యతను గాని పంచిపెట్టడం కాదు. మన దేశంలో 2012లో ఏర్పడిన విమాన ప్రమాద దర్యాప్తు బ్యూరో ఈ ధర్మంపైనే పనిచేస్తున్నది. తైపే ప్రమాదంలో పైలట్ తప్పు లీవరు లాగాడని తేల్చి ఊరుకుంటే దర్యాప్తు ఒక్క రోజులో పూర్తయ్యేది. టంకం అతుకు వరకు, శిక్షణలోని లోపాల వరకు, వెలగని దీపాన్ని ఉపేక్షించే అలవాటు వరకు వెళ్లినందువల్లనే ఆ నివేదిక ప్రపంచమంతటా ఏ.టి.ఆర్. నడిపేవారికి పాఠమైంది.

ఈ ధర్మం మన గనులకు కొత్తది కాదు, అయినా మనం దానిని పదేపదే మరచిపోతాం. ఎద్దు మూపురంలా ఉన్నందువల్ల బైలాడిలా అని పేరొందిన ఆ కొండ శ్రేణి మీద, ఇనుప ఖనిజం నింపుకొని వాలు దిగే ప్రతి డంపరు ఒక రకంగా రన్‌వే మీది విమానమే. వాలు మధ్యలో బ్రేకు పట్టు తప్పితే ఏమి చేయాలన్నది వాలు మధ్యలో ఆలోచించవలసిన విషయం కాదు. షిఫ్టు మొదట్లో బ్రేకులు పరీక్షించినప్పుడే, సందేహముంటే బండి తీయనని చెప్పినప్పుడే, ఆ నిర్ణయం జరిగిపోవాలి. అక్కడ గీత దాటితే తరువాత మిగిలేది చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

వెలగని దీపం ప్రతి పనిచోటా ఒకటి ఉంటుంది. నిన్నటి నుండి చిన్నగా కారుతున్న నూనె, లాగ్‌బుక్కులో మూడు రోజులుగా వ్రాస్తున్నా ఎవరూ చూడని ఒక వాక్యం, పని ఆగిపోతుందని తీసివేసిన గార్డు, కన్వేయరు వద్ద కొట్టని గంట. ఇవి చాలాసార్లు ఏ హానీ చేయవు. తరువాత దీపం దానంతటదే వెలుగుతుంది కూడా. అందువల్లనే అవి ప్రమాదకరం. ఏమీ జరగని ప్రతి రోజూ, ఏమీ జరగదన్న ధీమాను పెంచుతుంది.

అటువంటి లోపాన్ని గమనించి పని ఆపినవానిని ఉత్పత్తి లెక్కలు చూపించి మందలించే అధికారి, అతనికి తెలియకుండానే మరుసటివానికి ఒక పాఠం చెబుతాడు: చూసినా చూడనట్లు వెళ్లమని. అదే అధికారి ఆ షిఫ్టు నష్టాన్ని ఖాళీ సీటుగా భావించగలిగితే, అంటే ఆగవచ్చునేమోనన్న యంత్రం కోసం ముందుగా కేటాయించిన వ్యయంగా లెక్కగట్టగలిగితే, ఆ గనిలో భద్రతా వారోత్సవాలు గోడ మీది నినాదాలతో ముగిసిపోవు.

విమానం కదలకముందు ఇద్దరు పైలట్లు ఒకరికొకరు పైకి చెప్పుకొనే మాటలు కొన్ని ఉంటాయి. ఈ వేగం లోపు ఏ లోపం కనబడితే ఆపుదాం, ఈ వేగం దాటితే ఎగురుదాం, ఎగిరితే ఎటు తిరుగుదాం, ఎక్కడ దిగుదాం. అంతకుముందు వందసార్లు చెప్పుకున్న మాటలే. ఆ రోజు ఇంజను ఆగదని ఇద్దరికీ దాదాపు నమ్మకమే. అయినా చెప్పుకుంటారు. నిమిషమైనా పట్టని ఆ సంభాషణ ప్రయాణికులకు వినబడదు. అది ప్రతి షిఫ్టు మొదట్లో మన షావెలు వద్ద, డంపరు వద్ద, కొలిమి వద్ద కూడా వినబడాలి. ఆ నిమిషం ఉత్పత్తికి నష్టం కాదు. 1953 డిసెంబరులో ఆ 13 మందికి దక్కనిది ఆ వ్యవధే.